సున్నం గీతకి అవతల

కాశీనగరం హైస్కూలు మైదానంలో
సాయంత్రం గీతలు గీసేది నేనే.
చిల్లుల డబ్బాలో సున్నం పోసి, వెనక్కి నడుస్తూ.
ఆట మొదలైతే స్కోరు రాసేదీ నేనే.
పగలు ఎరువుల కొట్లో బస్తాల లెక్క,
రాత్రి కూతల లెక్క.

తవిటినాయుడు కూతకెళ్తే
వంశధార అవతలి ఒడ్డున కుక్కలు కూడా
మొరగడం మానేసేవి.
అబద్ధమే. అప్పుడు మాత్రం నిజమనిపించేది.
ఒక్క ఊపిరి మీద ముగ్గుర్ని తాకి
తొడ చరుచుకుంటూ తిరిగొచ్చేవాడు.
పాతపట్నం జట్టు, గుణుపురం జట్టు
ఆ చీలమండ దొరకబుచ్చుకోవడానికే
ఏడాదంతా ఇసకలో పొర్లేవి.
నా పుస్తకంలో అతని వరస ఒక్కటే
గడులు చాలక పక్క పేజీకి పాకేది.

దాలమ్మ బజ్జీల పొయ్యి గేటు బయట,
గీతకి నలభై అడుగుల అవతల.
మూడొందల నలభై బాకీ అడిగింది, అంతే.
సెమీఫైనల్ గెలిచిన రాత్రి
పది మంది ముందు అడిగింది.
అతను పొయ్యిని తన్నాడు.
మూకుడు ఒరిగి నూనె
ఆమె కుడిచేతి మీద, మోచేతి దాకా.
ఆ కూత మైదానం దాకా వినబడింది.
నేను పుస్తకం మూస్తున్నాను.

ఠాణాలో కేసు లేదు.
కాగితం ఒడియాలో రాయాలి,
రాసేవాడికి రెండొందలు,
వాయిదాకి పర్లాకిమిడి బస్సు,
వెళ్లిన రోజు బేరం లేదు.
"ఒగ్గీయండి బాబూ" అంది.
ఆసుపత్రి చీటీలో "కాలు జారి" అని ఉంది.
ఎవరి కాలో రాయలేదు.

కమిటీ బిశోయి మాస్టారి వరండాలో కూర్చుంది.
ఐదు కుర్చీలు, నాకు ముక్కాలి పీట.
"పోలీసులకే పట్టనిది మనకెందుకు?
ఆట ఆడించేవాళ్లమా, తీర్పులు చెప్పేవాళ్లమా?"
అన్నారు రైసుమిల్లు పాత్రో గారు.
కప్పు కొనిచ్చేది ఆయనే.
మాస్టారు చాలాసేపు చేతికర్రతో
నేల మీద ఏదో గీస్తూ ఉండిపోయారు.
"ఆడి బొమ్మేసి టిక్కెట్లమ్మినాం.
బొమ్మ ఎక్కడ అతికించినాం?
గేటు బయటే గదా" అన్నారు.

ఫైనలూ, వచ్చే ఏడాదంతా ఆడకూడదు.
కాగితం రాసింది నేను.
"దుష్ప్రవర్తన" అని రాసి ఆగాను.
నూనె చల్లారిపోయిన మాట.

ఒకటి చెప్పాలి.
పోయినేడు లాడ్జి కుర్రాడి చెంప వాచినప్పుడు
నేను మెట్ల మీదే ఉన్నాను.
ఆ రాత్రి పదకొండు పాయింట్లు.
అవే రాశాను.

ఫైనల్ ఓడిపోయాం, ఇరవై రెండుకి ముప్పై ఒకటి.
నా స్కూటర్ సీటు బ్లేడుతో కోశారు.
మాస్టారి గోడకి పేడ కొట్టారు.
అంతటి జనంలో
దాలమ్మ పొయ్యి చుట్టూ మాత్రం
ఎవరో సున్నంతో గుండ్రంగా గీసినట్టు ఖాళీ.
ఆ శిక్ష ఏ వరండాలో వేశారో
నాకు తెలీదు.

ఎడంచేత్తో పిండి కలుపుతోంది, ఉండలు కడుతోంది.
ఆరు బజ్జీలు కట్టమన్నాను.
కుడిచేతి గుడ్డకట్టు మీద పసుపు మరకలు.
"ఆడుంటే గెలిసీవోలు గదా బాబూ?"
అవునన్నాను.
"మరేటి. ఆడి కూత కూతే" అని
పొయ్యిలోకి పుల్ల ఎగదోసింది.

డబ్బులు ఇవ్వబోతే అందుకోకుండా
నా మొహంలోకి చూసింది.
"సరే గానీ, ఆ మూడొందల నలభై
ఎవులిస్తారు?"

తీర్పు కాగితంలో దాని గురించి
ఒక్క ముక్క లేదు.
రాసింది నేనే.